గూటి గాలి, గూటి నేల

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఇళ్ల తీరు మారింది గానీ ఇంట్లో పక్షిని పెంచుకోవాలన్న కోరిక పోలేదు. స్కందగిరి గుడి చుట్టుపక్కల, వాకర్ టౌన్ వీధుల్లో, వారాసిగూడ వైపు వెళ్లే సందుల్లో ఒకప్పటి పెరటి ఇళ్ల చోట అపార్టుమెంట్లు లేచాయి. పెరట్లో గంప కింద మూసే నాటుకోళ్లు మేడమీద నీళ్ల ట్యాంకు పక్కకు చేరాయి. వసారాలో వేలాడిన పంజరం బాల్కనీ గ్రిల్లుకు ఎక్కింది. పావురాల బెడద పడలేక బాల్కనీకి వల కట్టించుకున్న ఇంట్లోనే, ఆ వల లోపల ఒక జత లవ్‌బర్డ్స్ కనిపిస్తాయి. స్థలం ఇలా కుదించుకుపోయినప్పుడు పక్షి ఆరోగ్యం పశువైద్యుడి ఒక్కడి పని కాదు. పక్షి పీల్చే గాలినే ఇంటిల్లిపాదీ పీలుస్తారు. దాని రెట్ట ఎండి లేచిన దుమ్ము పక్కగదిలోని పసివాడి మంచం దాకా వెళ్తుంది.

పక్షికి జబ్బు చేశాక మనం చేయగలిగింది చాలా తక్కువ. జబ్బు రాకముందు గూటిలో చేయగలిగింది చాలా ఎక్కువ. దీనికి కారణం పక్షి స్వభావంలోనే ఉంది. నీరసంగా కనిపించిన పక్షిని డేగ ముందుగా ఎంచుకుంటుంది, గుంపులోని తోటి పక్షులు కూడా దాన్ని పొడిచి తరుముతాయి. అందుకే జబ్బుపడిన పక్షి చివరిదాకా బాగున్నట్టే మెలగుతుంది. గింజల గిన్నె దగ్గర ముక్కు ఆడిస్తూనే ఉంటుంది, కడుపులోకి మాత్రం ఏమీ పోదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, కొమ్మ దిగి పంజరం అడుగున కూర్చునే నాటికి వ్యాధి బాగా ముదిరి ఉంటుంది. ముప్పై నలభై గ్రాముల బడ్జీ అనే చిన్న చిలుక నాలుగు గ్రాములు తగ్గిందంటే ఒంట్లో దాదాపు పదో వంతు పోయినట్టు. ఆ తగ్గుదల కంటికి ఆనదు, ఈకలు కప్పేస్తాయి. వారానికి ఒకసారి గ్రాములు చూపే చిన్న కాటాపై తూచి, ఆ అంకెను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం కన్నా మంచి పరీక్ష ఇంటి దగ్గర మరొకటి లేదు.

గూటిలో మొదట చూడవలసింది గాలి. పక్షి ఊపిరి తీసే పద్ధతి మనది కాదు. దాని ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బి కుంచించుకోవు. కోడి ఒంట్లో ఊపిరితిత్తులకు తోడు తొమ్మిది గాలిసంచులు ఉంటాయి, కొలిమితిత్తిలా పనిచేసేవి అవే. గాలి వెనుక సంచుల్లోంచి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగి, ముందు సంచుల్లోకి చేరి, బయటికి పోతుంది. అందువల్ల ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా తాజా గాలి రక్తాన్ని తాకుతూనే ఉంటుంది. గాలికీ రక్తానికీ నడుమ ఉండే పొర క్షీరదాలలో కన్నా పలచన. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువు ఇంత సమర్థంగా అందే ఏర్పాటులో విషవాయువు కూడా అంతే సమర్థంగా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గుగనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి కెనరీ పిట్టలను వాడమని పందొమ్మిదో శతాబ్దం చివర సూచించిన జాన్ స్కాట్ హాల్డేన్ ఈ గుణాన్నే ఆధారం చేసుకున్నాడు. 1986 దాకా ఆ పిట్టలు అక్కడి గనుల్లోకి దిగుతూనే ఉన్నాయి.

మన ఇళ్లలో గనుల వాయువులు లేవు, కానీ వంటింటి పొగ ఉంది. నాన్‌స్టిక్ పెనం పొయ్యిమీద ఖాళీగా మాడితే దాని పూత నుంచి వెలువడే ఆవిరి మనిషికి కాస్త జ్వరం, దగ్గు తెప్పించి వదిలేయవచ్చు, కానీ అదే ఆవిరి పంజరంలోని పక్షిని నిమిషాల్లో చంపగలదు. దోమల చక్రాలు, సాంబ్రాణి, అగరువత్తులు, గదికి కొట్టే పరిమళాల స్ప్రేలు, కొత్త రంగుల వాసన కూడా దాని ఊపిరికి బరువే. అందుకే అపార్టుమెంటులో పంజరానికి అన్నిటికన్నా చెడ్డ చోటు వంటింటి పక్కనున్న యుటిలిటీ. పూజగది ఎదురుగా ఉన్న మూల కూడా తగదు.

ఇక గూటిలో పుట్టే విషవాయువు సంగతి. పక్షి మనలా మూత్రం పోయదు. ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టతో పాటే విడుస్తుంది, రెట్టలోని తెల్లని భాగం అదే. ఎండిన రెట్టలో యూరిక్ ఆమ్లం చాలాకాలం అలాగే ఉంటుంది. తడి తగిలితే బాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. కోళ్ల షెడ్డులో కళ్లు మండించే ఘాటు ఇదే. గాలిలో అమ్మోనియా పది లక్షల వంతుల్లో ఇరవై అయిదు వంతులు దాటితే పక్షి శ్వాసనాళంలో దుమ్మునూ సూక్ష్మజీవులనూ బయటికి తోసే సన్నని కేశాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత వచ్చే ఏ సూక్ష్మజీవికైనా తలుపు తెరిచినట్టే. పెంచేవారి ముక్కు కొద్దిరోజుల్లో ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి సొంత ముక్కును నమ్మడం ప్రమాదం. ఇంటికి వచ్చిన చుట్టం గుమ్మం దగ్గరే ముఖం చిట్లిస్తే ఆ మాటను పట్టించుకోవాలి. ఇంకో మంచి అలవాటు ఏమిటంటే, పొద్దున్నే కోడి తల ఎత్తులో మన ముఖం పెట్టి ఒకసారి ఊపిరి పీల్చి చూడడం. నిలబడిన మనిషికి తెలియని ఘాటు అక్కడ తెలుస్తుంది.

కాబట్టి మేడమీద నాలుగు కోళ్లను పెంచేవారు నేల పొడిగా ఉంచడం ఒక్కటి చేతనైతే సగం వ్యాధులను ఆపగలరు. వరి ఊకను మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, రెండు రోజులకోసారి గొర్రుతో తిరగేస్తూ, గడ్డకట్టిన చోట తీసేసి కొత్తది వేస్తూ ఉండాలి. ఊక తేమను ఒక చిన్న పరీక్షతో చూడవచ్చు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి వదిలితే అది వెంటనే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. అసలు పొడిపొడిగా దుమ్ము లేస్తే అది కూడా మంచిది కాదు, కాస్త నీరు చిలకరించాలి. ఊక తడిసేది చాలావరకు నీళ్ల గిన్నె దగ్గరే. గిన్నెను కోడి వీపు ఎత్తుకు లేపి ఇటుకల మీద పెట్టి, కింద ఒక జాలీ పళ్లెం ఉంచితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. మాగిపోయిన ఊక, బూజుపట్టిన గడ్డి, రంపపుపొట్టు వాడకూడదు. వాటిలోని ఆస్పర్జిల్లస్ బూజు బీజాలు గాలిసంచుల్లో దిగి మొలకెత్తుతాయి. అక్కడిదాకా పోయిన బూజును ఏ మందూ సులువుగా కడిగేయలేదు.

స్వేచ్ఛగా తిరిగే పక్షి నిన్న కూర్చున్న కొమ్మ కింద రాలిన రెట్టలో ఈరోజు మేత ఏరుకోదు. రెక్కలు దానికి మేత వెతుక్కోవడానికి, శత్రువును తప్పించుకోవడానికి ఎంత అవసరమో, తన రెట్టకు దూరంగా పోవడానికి కూడా అంతే అవసరం. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎండిన మైదానాల్లో బడ్జీల గుంపులు నీటికోసం, గడ్డిగింజల కోసం చోటు నుంచి చోటికి వలసపోతూనే ఉంటాయి. అదే బడ్జీని మూరెడు పంజరంలో పెట్టిన నాడు దాని నేల, దాని మేత, దాని రెట్ట ఒక్కచోటికి వచ్చి చేరతాయి. ఎగిరిపోవడం ద్వారా అది తనకు తాను చేసుకునే శుభ్రతను ఇప్పుడు మనిషి చేయాలి. పెంచడం అంటే ఆ బాధ్యత తలకెత్తుకోవడమే.

దీన్ని అన్నిటికన్నా బాగా చెప్పే వ్యాధి కోళ్ల రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. ఐమీరియా అనే ఏకకణజీవి కోడి పేగు గోడల్లో పెరిగి, గట్టి పెంకు గల ఊసిస్టుల రూపంలో రెట్టతో బయటికి వస్తుంది. బయట పడిన వెంటనే ఆ ఊసిస్టు ఇంకో కోడికి అంటుకోలేదు. వెచ్చదనం, తేమ, ప్రాణవాయువు దొరికితే ఒకటి రెండు రోజుల్లో లోపల పక్వమవుతుంది, ఆ తర్వాతే అది ప్రమాదం. అంటే ప్రతిరోజూ రెట్ట తీసేసేవాడు వ్యాధిని పుట్టకముందే ఊడ్చేస్తున్నాడు, మూడు రోజులకోసారి ఊడ్చేవాడు అప్పటికే ఆలస్యం చేశాడు. ఫినాయిల్ వాసనతో నేలంతా గుబాళించినా ఐమీరియా పెంకుకు ఏమీ కాదు, ఎండ, పొడి, మరిగే నీళ్లు దాన్ని దెబ్బతీస్తాయి. జూన్ చివర్లో మొదటి జల్లులకు మేడమీది గూట్లో కోడిపిల్లలు రక్తంతో పారి చనిపోతుంటాయంటే కారణం వానలో లేదు, తడిసిన ఊకను తీయకపోవడంలో ఉంది.

శుభ్రం చేయడంలో కూడా ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే శ్రమంతా వృథా. బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ ఎదురుపడిన ప్రతి సేంద్రియ పదార్థంతోనూ చర్య జరిపి ఖర్చయిపోతుంది. రెట్ట మీద చల్లితే అది రెట్టతోనే అయిపోతుంది, కింద ఉన్న వైరస్ దాకా చేరదు. ముందుగా పక్షులను వేరే చోటికి మార్చాలి. ఎండిన రెట్టను పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది కాబట్టి నీళ్లు చిలకరించి, ముక్కుకు మాస్కు కట్టుకుని గీకాలి. సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు, అదీ కనీసం పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి, మంచినీళ్లతో మళ్లీ కడిగి ఎండబెట్టాలి. బ్లీచింగ్‌ను అమ్మోనియా ఘాటు కొడుతున్న రెట్టమీద గానీ, యాసిడ్‌తో కలిపి గానీ పోస్తే పుట్టే వాయువు మనిషి ఊపిరిని కూడా పట్టేస్తుంది. పంజరం ట్రేలో పరిచిన కాగితాన్ని మాత్రం రోజూ మార్చాలి. కాగితం మంచిదని చెప్పడానికి మరో కారణం ఉంది. రెట్ట రంగు, చిక్కదనం దానిమీద స్పష్టంగా కనిపిస్తాయి. ఆకుపచ్చగా పలచబడిన రెట్ట మందులషాపు వాడికన్నా ముందుగా మనకు విషయం చెబుతుంది.

పంజరం కొనేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోవడం మామూలు. బడ్జీలు, ఫించ్‌లు హెలికాప్టర్లా నిలువుగా ఎగరవు, అడ్డంగా ఎగురుతాయి. వాటికి కావలసింది పొడవు. రెండు బడ్జీలకు మూడడుగుల పొడవైనా లేని పంజరం గూడు అనిపించుకోదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 లోని 11వ సెక్షన్ కదలడానికి తగినంత పొడవు, ఎత్తు, వెడల్పు లేని పంజరంలో జీవిని ఉంచడాన్ని నేరంగా చెబుతోంది. గుడ్ల కోళ్లకు పంజరంలో ఒక్కొక్కదానికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలని 2023లో కేంద్రం నియమం తెచ్చింది. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. అంటే చట్టం అడిగింది ఆ కాగితమంత చోటు కూడా కాదు. మేడమీద నాలుగు కోళ్లు పెంచే మనిషి చట్టం చెప్పిన కనిష్ఠంతో తృప్తి పడనక్కర లేదు. కొమ్మల విషయంలో ఒక మాట. బజారులో పంజరంతో పాటు ఇచ్చే నున్నని ప్లాస్టిక్ కడ్డీలన్నీ ఒకే మందంలో ఉంటాయి. రోజంతా అరికాలిలో ఒకేచోట బరువు పడి పుండ్లు లేస్తాయి. జామకొమ్మో, వేపకొమ్మో మందులు కొట్టని చెట్టునుంచి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, రకరకాల మందాల్లో అమర్చాలి. కొమ్మ కింద నీళ్ల గిన్నె, గింజల గిన్నె ఉండకూడదు. కొత్త జింకు పూత తీగ పంజరమైతే వినెగర్‌తో రుద్ది కడిగిన తర్వాతే పక్షిని వదలాలి, ఎందుకంటే చిలుక జాతులు తీగను కొరుకుతాయి, పొరలు లేచిన జింకు వాటికి విషం.

మన రామచిలుక విషయంలో మాత్రం పంజరం ఎంత పెద్దదైనా తప్పే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం నేరం. మునియాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంట్లో పెంచుకోదగినవి బడ్జీలు, కాక్‌టీల్‌లు, జీబ్రా ఫించ్‌ల వంటి విదేశీ జాతులు, అవి కూడా ఇక్కడ పంజరాల్లోనే పుట్టి పెరిగినవై ఉండాలి.

గూటికి దోమతెర ఎందుకు అని అడిగేవారికి చెప్పవలసిన చరిత్ర సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న, పద్మారావు నగర్‌కు కొద్ది మైళ్ల దూరంలోని బేగంపేటలో, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. కానీ దోమ ఆ వ్యాధిని ఎలా మోసుకుపోతుందో తేలింది ఇక్కడ కాదు, మనుషుల్లోనూ కాదు. మరుసటి ఏడాది 1898లో కలకత్తాకు బదిలీ అయిన రాస్ పిచ్చుకల వంటి చిన్న పక్షులను పంజరాల్లో పెట్టి, పక్షుల మలేరియాను క్యూలెక్స్ దోమల ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి అంటించి చూపాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని ఆ పంజరాల వల్లే తెలిసింది. 1902లో వచ్చిన నోబెల్ బహుమతి వెనుక ఆ పిచ్చుకలు ఉన్నాయి. పక్షి మలేరియా మనిషికి అంటదు గానీ పక్షులకు అంటుతుంది. అదే క్యూలెక్స్ దోమ ఇవాళ మన మురుగు కాలువల్లో పుడుతోంది. కోళ్ల మశూచి, ఊళ్లలో కోడి అమ్మోరు అనే వ్యాధి, దోమకాటుతోనే ఎక్కువగా వ్యాపిస్తుంది. కోడి తలపై, జుట్టు మీద, కళ్ల చుట్టూ ఈకలు లేని చర్మం దోమకు దొరికే చోటు, బొబ్బలు లేచేదీ అక్కడే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గూటిమీద సన్నని తెర వేయాలి. స్నానపు గిన్నెలు, కుండీల కింది పళ్లేలు వారంలో రెండుసార్లయినా ఒంపి రుద్దాలి, ఎందుకంటే వేడిగా ఉన్న రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చే దాకా వారం పది రోజులు చాలు.

దోమ కనిపిస్తుంది, గోమారి కనిపించదు. ఆర్గస్ జాతి కోడి గోమార్లు పగలంతా గోడ పగుళ్లలో, చెక్క అతుకుల్లో దాగి, రాత్రి వచ్చి రక్తం తాగిపోతాయి. మేత లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గూడు కొంతకాలం ఖాళీగా ఉంచినా పోవు. అర్ధరాత్రి టార్చి లైటుతో కొమ్మల చివరలు, చెక్క కీళ్లు చూస్తేనే దొరుకుతాయి. పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించడం పాతకాలపు పద్ధతే, కానీ దానికి సాటి రాగల మందు లేదు.

హైదరాబాద్ వాతావరణం పక్షికి రెండు వేర్వేరు పరీక్షలు పెడుతుంది. పక్షికి చెమట గ్రంథులు లేవు. మామూలుగానే దాని ఒంటి వేడి 40 నుంచి 42 డిగ్రీల మధ్య ఉంటుంది. వేడి ఎక్కువైతే నోరు తెరిచి రొప్పుతూ, గొంతులోని తడి ఆవిరై పోయేటప్పుడు తీసుకుపోయే వేడితో చల్లబడుతుంది. మే నెలలో 41, 42 డిగ్రీల ఎండలో కూడా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గూటి పక్కన తడిపిన గోనెసంచి వేలాడదీస్తే ఆ ఆవిరే గూటిని చల్లబరుస్తుంది. జులైలో గాలి నిండా తేమ ఉన్నప్పుడు అదే గోనెసంచి చల్లదనం ఇవ్వదు, తేమను మరింత పెంచి ఊకను తడుపుతుంది. అప్పుడు కావలసింది కదిలే గాలి. పడమటి బాల్కనీ మాత్రం ఎండాకాలంలో పక్షికి చోటు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఆ గ్రిల్లును చేత్తో పట్టుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. కోళ్ల గూడు కట్టేవారు పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉండేలా కడితే ఎండ నేరుగా లోపలికి పడదు.

మేతను కూడా గూటిలో భాగంగానే చూడాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టకుండా చనిపోయాయి. కారణం వెతికితే దిగుమతి చేసుకున్న వేరుశనగ చెక్కలో బూజు విషం తేలింది. అఫ్లటాక్సిన్ ప్రపంచానికి తెలిసింది అప్పుడే. మొక్కజొన్న, పల్లిచెక్క మన కోళ్ల దాణాలో కూడా ముఖ్యమైనవి. చవకగా వస్తుందని తడి తగిలిన దాణా కొనడం, సంచి నేలమీద పెట్టడం రెండూ తప్పే. మూత ఉన్న డబ్బాలో పోసి, చెక్క పలక మీద, గోడకు ఆనకుండా ఉంచాలి. ఎలుకలు రాకుండా ఉండటానికి కూడా అదే మార్గం. కొర్రలు, సజ్జలు మాత్రమే తినే బడ్జీకి ఏ విటమిన్ తప్పిపోతుంది, కాల్షియం కోసం కటిల్‌ఫిష్ ఎముక ఎందుకు పెట్టాలి అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం. అవకాడో పండు, చాక్లెట్ మాత్రం ఏ పక్షికీ పెట్టకూడదు.

కొత్త పక్షి ఇంటికి వచ్చే రోజు గూటికి అతి ప్రమాదకరమైన రోజు. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ నుంచి తెచ్చినా, తెలిసినవారి ఇంటినుంచి తెచ్చినా, దాన్ని నెలరోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి. ముందు పాత పక్షులకు మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి, ఆ వరుస తిరగబడకూడదు. సికింద్రాబాద్ వాసులకు ఈ మాట ఆషాఢంలో మరీ అవసరం. ఉజ్జయినీ మహంకాళి బోనాల రోజుల్లో మొక్కు తీర్చుకోవడానికి తెచ్చిన కోళ్లు ఒకటి రెండు రోజులు ఇళ్లలో, మెట్ల కింద, బాల్కనీల్లో కట్టి ఉంటాయి. ఎక్కడెక్కడి ఫారాల నుంచో వచ్చిన కోడి, ఏడాదిలో అతి తేమగా ఉండే రోజుల్లో, ఇంట్లోని పక్షుల పక్కనే! ఆ కోడిని పెంపుడు పక్షుల గాలి తగలని చోట, నీడలో, నీళ్లు పెట్టి ఉంచడం, ఈకలు, పేగులు మురుగులో వేయకుండా మూటకట్టి చెత్తబండికి ఇవ్వడం అమ్మవారి పట్ల భక్తికి ఏమాత్రం అడ్డు కాదు. ఆ గుడి పుట్టుకే 1813 నాటి కలరా భయంతో ముడిపడి ఉందని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

టీకాల గురించి క్లుప్తంగా. కోళ్లలో అతి భయంకరమైనది కొక్కెర తెగులు. 1920ల చివర కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించారు కాబట్టి మన దేశంలో దాన్ని రాణీఖేత్ వ్యాధి అంటారు. మెడ తిరిగిపోవడం, పచ్చని పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం దాని గుర్తులు. చికిత్స లేదు, టీకా ఉంది. కోడిపిల్లకు మొదటి వారంలో లసోటా అనే రాణీఖేత్ టీకా చుక్క కంట్లో వేయడంతో మొదలై, గంబోరో వ్యాధి టీకా, మళ్లీ లసోటా, ఆరో వారం ప్రాంతంలో మశూచి టీకా, ఆ తర్వాత రాణీఖేత్‌కే ఇచ్చే ఆర్2బి టీకా వరకు ఒక క్రమం ఉంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించింది, వాటి పిల్లలను తెచ్చుకునేవారు టీకాల పట్టిక కూడా అడిగి తీసుకోవాలి. శాంతినగర్‌లోని వెటర్నరీ బయోలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కోళ్ల టీకాలను ఇక్కడే తయారుచేస్తోంది. జాగ్రత్త ఒక్కటే. ఇవి చాలావరకు బతికున్న వైరస్ టీకాలు. నీళ్లలో కలిపి ఇచ్చే టీకాను కుళాయి నీళ్లలో కలిపితే జలమండలి వేసిన క్లోరిన్ టీకానే చంపేస్తుంది. ఐస్ లేకుండా దారిలో రెండు గంటలు ఎండలో తిరిగిన సీసా కూడా పనికిరాదు.

టీకాకు బదులు ఏదో ఒక యాంటీబయాటిక్ పొడిని నీళ్లలో వేసి నిశ్చింతగా ఉండే అలవాటును గట్టిగా ఖండించాలి. వైరస్ మీద అది పనిచేయదు. చనిపోకుండా మిగిలిన బాక్టీరియా మాత్రం మందుకు లొంగని తరాన్ని పుట్టిస్తాయి. మనుషులకు చివరి ఆయుధాల్లో ఒకటైన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడటాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. పద్మారావు నగర్ పక్కనే గాంధీ ఆసుపత్రి ఉంది. ఆ వార్డుల్లో పడుకున్న రోగికి పనిచేయవలసిన మందును కోడి నీళ్లలో కలిపి మొండిబారేలా చేసే హక్కు ఎవరికీ లేదు.

పక్షి వల్ల మనిషికి వచ్చే వ్యాధుల్లో ఎక్కువమందికి తెలియనిది ఊపిరితిత్తుల అలర్జీ వ్యాధి. పావురాలను పెంచేవారిలో దీన్ని 1965లో అమెరికన్ వైద్యులు వివరించారు. రెట్టలోని, ఈకల పొడిలోని ప్రొటీన్లకు శరీరం ఎదురుతిరిగి, ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం తప్ప మొదట్లో వేరే గుర్తు ఉండదు. దీనికి సూక్ష్మజీవి కారణం కాదు కాబట్టి పక్షి పూర్తి ఆరోగ్యంగా ఉన్నా మనిషికి ఈ జబ్బు రావచ్చు. ఈ ఆందోళనతోనే 2025లో ముంబయి నగరపాలక సంస్థ పావురాలకు మేత వేసే కబూతర్‌ఖానాలను మూయించింది. బాల్కనీ మూలల్లో పావురాలకు గింజలు చల్లే మన పుణ్యకార్యాన్ని కూడా ఈ వెలుగులో మళ్లీ ఆలోచించుకోవాలి. చిలుక జ్వరం ఇంకోటి. 1929, 30 సంవత్సరాల్లో దక్షిణ అమెరికా నుంచి ఎగుమతైన చిలుకలతో అది అమెరికా, ఐరోపా దేశాల ఇళ్లలోకి పాకింది. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే వచ్చే న్యుమోనియా అది, సకాలంలో గుర్తిస్తే మందుకు లొంగుతుంది. అందుకే దగ్గు, జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో పక్షి ఉందన్న మాట అడగకపోయినా చెప్పాలి. పంజరం పడకగదిలో ఉండకూడదు. గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలు కోడిపిల్లలను ముట్టుకుంటే దగ్గరుండి సబ్బుతో చేతులు కడిగించాలి.

బర్డ్ ఫ్లూ మనకు దూరపు వార్త కాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలో తొలిసారి బయటపడ్డ హెచ్5ఎన్1, 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు హయత్‌నగర్ మండలం తొర్రూరుకు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలను ముంచింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిపాప ఈ వైరస్‌తో చనిపోయినట్టు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది. వైరస్ సబ్బుకు, 70 డిగ్రీల వేడికి నిలవదు. కానీ చల్లని తడి రెట్టలో రోజుల తరబడి బతుకుతుంది. అడవి పక్షులు, కాకులు, పావురాలు మేడమీది కోళ్ల నీళ్ల గిన్నెలో ముక్కు పెట్టకుండా పైన జాలీ కప్పడమే మనం చేయగల మొదటి రక్షణ. వ్యాధి నిర్ధారణ అయితే కేంద్ర కార్యాచరణ ప్రణాళిక ప్రకారం ఒక కిలోమీటరు వ్యాసార్ధంలోని కోళ్లన్నిటినీ నిర్మూలిస్తారు. పద్మారావు నగర్ మధ్యలో ఆ వృత్తం గీస్తే వారాసిగూడ, చిలకలగూడ, బోయిగూడ ఇళ్ల మీది గూళ్లు కూడా అందులో పడతాయి. ఒకరి మేడమీది నిర్లక్ష్యానికి అంతమంది నష్టపోతారు.

అందువల్ల పక్షులు ఒకటి రెండు రోజుల్లో వరుసగా చనిపోతే, చనిపోయినదాన్ని కోయకండి, వండకండి, చెత్తకుండీలో పడేయకండి, నాలాలో విసరకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని రెండు సంచుల్లో మూటకట్టి, బతికున్నవాటిని కదిలించకుండా, పశుసంవర్ధక శాఖ వారి 1962 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఆ సంగతి దాచకండి, అమ్మకానికి పంపకండి. పొరుగింటివారికి కూడా ఆ రోజే చెప్పండి.